సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొన్నారా? కిరాయికి తిప్పే ముందు చేయాల్సిన పనులు, వరుసగా

పాత బండి కొన్న మర్నాడే లోడు ఎక్కించేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఫైనాన్స్ మీద కొన్నవాళ్లకైతే మరీను, నెల తిరిగేసరికి కిస్తీ వచ్చి కూర్చుంటుంది. అయినా సరే, ఒక్క వారం ఆ బండి మీద లోడు వేయొద్దనే చెబుతాను. ఆ వారంలో చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. ముందు బండిని ఉన్నదున్నట్టు చూడాలి. తర్వాత అది ఆగేలా, ఆపైన వేడెక్కకుండా చేయాలి. ఆయిళ్లు, డీజిల్, వైరింగ్ దాని తర్వాత. లోడు చిట్టచివర. పెయింటు, సీటు కవర్లు, సౌండ్ బాక్సు మొదటి నెల కిరాయి డబ్బుతో చేయించుకోవచ్చు. కొన్న ధరలో కనీసం పదో వంతు ఈ పనుల కోసం పక్కన పెట్టుకోండి. అది లేకపోతే ఆ బండి కొనే స్థోమత మీకు ఇంకా రాలేదనే అనుకోండి.

మన ఊళ్లలో ఎక్కువగా చేతులు మారే చిన్న గూడ్స్ బండి టాటా ఏస్ కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. 2005లో టాటా మోటార్స్ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. మొదట వచ్చిన ఏస్‌లో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను సగం చేస్తే వచ్చిందది. శక్తి 16 హార్స్‌పవర్, కంపెనీ చెప్పిన లోడు 750 కిలోలు. అంటే ఈ ఇంజిన్‌లో మిగులు బలం అంటూ ఏమీ లేదు. పెద్ద లారీ నెలల తరబడి భరించే చిన్న లోపం కూడా దీన్ని వారంలో రోడ్డు పక్కన నిలబెడుతుంది. దోస్త్, బొలేరో పికప్ లాంటి వేరే గూడ్స్ బండ్లు కొన్నవాళ్లకు కూడా వరుస ఇదే. ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, టైర్లో గాలి ఎంత అన్న లెక్కలు మాత్రం మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి.

1. ఏం మోసిందో కనుక్కోండి

అమ్మినవాళ్లు కిలోమీటర్లు ఎన్ని చెప్పినా, ఆ బండి ఇన్నాళ్లూ ఏం మోసిందన్నదే అసలు సంగతి. భీమవరం, కాకినాడ వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి చాసిస్‌ను, బ్రేకు పైపులను తినేసి ఉంటాయి. పెయింటు కొత్తగా మెరుస్తున్నా కిందకు దూరి టార్చిలైటు వేసి చూడండి, పైన పటారం లోన లొటారం ఇక్కడే బయటపడుతుంది. స్క్రూడ్రైవర్‌తో చాసిస్ మీద గట్టిగా పొడిచి చూడాలి. పొరలు పొరలుగా ఊడితే వెల్డింగ్ పని తప్పదు.

ఇటుకలు, ఇసుక, సిమెంటు మోసిన బండికి కమాన్ పట్టీలు, వెనక టైర్లు, క్లచ్ అరిగి ఉంటాయి, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండి ఉంటుంది. ఇంటింటికీ వాటర్ క్యాన్లు వేసిన బండి రోజుకు వందసార్లు ఆగి కదులుతుంది. కాబట్టి క్లచ్, బ్రేకు లైనర్లు, సెల్ఫ్ మోటర్ అనుమానించాలి. రాత్రిళ్లు రైతు బజారుకు కూరగాయలు తోలిన బండి మాత్రం సాధారణంగా కొంచెం మెరుగ్గా ఉంటుంది.

2. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయండి

ఆయిలు మార్చక ముందే ఈ పరీక్ష అయిపోవాలి. కొత్త చిక్కటి ఆయిలు పోశాక చాలా రోగాలు కొన్నాళ్లు కనపడవు. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. ఒక మనిషి సైలెన్సర్ వెనక నిలబడి పొగ చూడాలి.

మొదటి నిమిషం కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. ఇంజిన్ వేడెక్కినా తెల్లపొగ తగ్గకుండా, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి. కూలెంట్ తగ్గకుండా తెల్లపొగ డీజిల్ వాసనతో వస్తుంటే డీజిల్ చిమ్మే నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు చూపించండి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. నల్లపొగ అంటే గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలడం లేదు. చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ మారిస్తే అదే పోతుంది, పోకపోతే నాజిళ్లు తీసి ప్రెజర్ చూపించాలి.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా విప్పండి. సన్నగా ఆవిరి వస్తే సరే. పొగ కొట్టుకొచ్చి, మూత ఎగిరి పడేంత ఒత్తిడి ఉంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగినట్టే. అలాంటి బండికి మిగతా ఖర్చులేవీ పెట్టకముందే ఇంజిన్ పని ఎంతవుతుందో ఇద్దరు మెకానిక్‌లను అడగండి. మూత లోపలివైపు, డిప్‌స్టిక్ మీద పాల కాఫీ రంగు జిడ్డు కనపడితే ఆయిల్లో నీళ్లు కలిశాయి. ఆ బండిని ఇక అడుగు కూడా కదపొద్దు.

క్లచ్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవచ్చు. ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ప్లేటు ఒక్కటే వేయించి ఊరుకోకుండా ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా కలిపి వేయించండి. గేర్‌బాక్సు దించే కూలీ రెండోసారి ఇవ్వడం దండగ.

3. ముందు బ్రేకులు

నాలుగు చక్రాలూ విప్పాల్సిందే. పెడల్ బాగానే ఉందన్న మాట నమ్మొద్దు, ఖాళీ బండికి ఎలాంటి బ్రేకులైనా బాగానే పడతాయి. జాకీ మీద లేపిన బండి కిందకు ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు గానీ గట్టి చెక్క దిమ్మలు గానీ పెట్టాలి. ఇటుకలు పెడితే పుటుక్కున పగులుతాయి.

వెనక డ్రమ్ములు తీయగానే రెండు విషయాలు చూడండి. లైనర్ ఎంత మందం ఉంది, అది పొడిగా ఉందా లేదా. వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న రబ్బరు బూటును గోటితో కొంచెం ఎత్తండి. లోపల తడి ఉంటే సిలిండర్ లీకు మొదలైంది. లైనర్ మీద నల్లటి జిడ్డు ఉంటే హబ్ ఆయిల్ సీలు పోయింది. అలాంటి లైనర్‌ను పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేసే అలవాటు ఉంది, ఒప్పుకోకండి. ఆయిలు లైనర్ లోపలికి ఇంకిపోయి, డ్రమ్ము వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. అప్పుడు ఆ ఒక్క చక్రం పట్టదు, బండి పక్కకు లాగుతుంది. సీలు, లైనర్లు రెండు వైపులా మార్చాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో గానీ, ఎయిర్ గన్‌తో గానీ ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి.

బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం మార్చేయండి, రంగు బాగానే ఉన్నా సరే. అది గాల్లోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలు పెడితే చక్రాల దగ్గర ఆ వేడి తేలిగ్గా వస్తుంది. పైపులో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ ఒక్కసారిగా నేలను తాకుతుంది. శ్రీశైలం ఘాట్, అనంతగిరి ఘాట్ ఎక్కి దిగే పని ఉన్నవాళ్లు దీన్ని అస్సలు వాయిదా వేయొద్దు. బండిలోని ఫ్లూయిడ్ డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయండి, సీలు తీసి నెలల తరబడి షెల్ఫులో ఉన్న డబ్బా వద్దు.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం ఇద్దరి పని. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. ఒకరు పెడల్ మూడు నాలుగు సార్లు తొక్కి అలాగే పట్టుకోవాలి. రెండోవారు చక్రం దగ్గర గాలి వదిలే బ్లీడర్ నిపుల్ విప్పి, ఫ్లూయిడ్ వచ్చాక బిగించి, అప్పుడు మాత్రమే "వదులు" అనాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగ లేకుండా శుభ్రమైన ఫ్లూయిడ్ వచ్చేదాకా ఇదే పని, మధ్యలో పైన డబ్బా ఖాళీ కాకుండా చూసుకుంటూ.

4. వేడి: ఈ ఇంజిన్ ప్రాణం ఇక్కడే ఉంది

ఏస్ ఇంజిన్లు పాడైపోవడానికి పెద్ద కారణం ఓవర్‌హీట్. క్యాబిన్ కింద ఇరుకులో ఉండే చిన్న ఇంజిన్, మే నెల ఎండ, దాని మీద ఓవర్‌లోడు. ఈ మూడూ కలిస్తే హెడ్ వంకర పోతుంది.

ఇంజిన్ చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. లోపల ఎర్రమట్టి రంగు నీళ్లుంటే ఇన్నాళ్లూ బోరు నీళ్లు పోశారన్నమాట. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ రాడ్‌కు పట్టిన తెల్లటి పొరే ఇంజిన్ లోపల, రేడియేటర్ గొట్టాల్లో కూడా పడుతుంది, దాంతో వేడి బయటికి పోయే దారి మూసుకుంటుంది. పాత నీళ్లు వదిలేసి, మంచి నీళ్లు పోసి, ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పి, చల్లారనిచ్చి మళ్లీ వదలండి. తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. అప్పటికీ తేరకపోతే రేడియేటర్ దించి షాపులో రాడింగ్ (గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించండి. ఆఖరుకు పోయాల్సింది కూలెంట్ మాత్రమే. కాన్సంట్రేట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి, రెడీమిక్స్ కొంటే అలాగే పోయాలి.

మూత చిన్న వస్తువే కానీ దాన్ని కొత్తది వేయండి. అది లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడి వల్లే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. దాని రబ్బరు పోతే ఎంత కూలెంట్ పోసినా పొంగి బయటికి పోతూనే ఉంటుంది. హోస్ పైపులను వేళ్లతో నొక్కి చూడండి, పగుళ్లు వచ్చినా, మరీ మెత్తబడి ఉబ్బినా మార్చేయండి.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు. "మన ఎండలకు అదెందుకు?" అని దాన్ని తీసి పారేసే మెకానిక్‌లు ఊరూరా ఉన్నారు. ఈ విషయంలో వాళ్లతో గట్టిగా విభేదిస్తాను. అది లేకపోతే ఇంజిన్ తన పని వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, చల్లటి గోడల మీద డీజిల్ సరిగ్గా కాలక ఆయిల్లోకి జారుతుంది, మైలేజీ తగ్గుతుంది, సిలిండర్ బోరు త్వరగా అరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా మళ్లీ ఇంజిన్‌లోకే తిరుగుతుంది. అంటే ఓవర్‌హీట్ తగ్గించడానికి చేసిన పనే దాన్ని పెంచుతుంది. పాతదాన్ని దారంతో కట్టి, గిన్నెలో నీళ్లు కాచి ముంచి చూడండి. మరిగేలోపు తెరుచుకోకపోతే కొత్తది వేయించండి.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం మిగిలితే హెడ్ గాస్కెట్ పరీక్ష. చల్లటి ఇంజిన్‌ను మూత తీసి స్టార్ట్ చేసి, రేడియేటర్‌లోకి చూడండి. మొదట్లో వచ్చే గాలి ఆగిపోయాక కూడా బుడగలు వరుసగా వస్తూనే ఉంటే కంప్రెషన్ నీళ్లలోకి లీకవుతోంది. మీటర్లో టెంపరేచర్ ముల్లు అసలు కదలని బండి అయితే లోడు వేసే ముందు దాని సెన్సర్, వైరు బాగు చేయించండి.

దారిలో ముల్లు ఎర్రగీత దాటితే లోడు ఎంత తొందరదైనా బండి పక్కకు తీసి ఆపండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది.

5. ఆయిళ్లు, టైమింగ్ బెల్టు

ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్ ఇప్పుడు మార్చండి. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయాలి. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండికి దానికంటూ చెప్పిన రకం ఆయిలే వాడాలి, చౌక ఆయిలు పోస్తే పొగను శుభ్రం చేసే ఫిల్టర్లు పూడుకుపోతాయి. కొత్త ఆయిలు లోపల పేరుకున్న మడ్డిని కరిగించి తెస్తుంది, అందుకే 1,000 కిలోమీటర్లకే మరోసారి మార్చండి. ఆ తర్వాత మామూలు లెక్క.

గేర్‌బాక్సు, వెనక హౌసింగ్ (డిఫరెన్షియల్) ఆయిలు చాలామంది పట్టించుకోరు. మార్చేటప్పుడు ముందు ఆయిలు పోసే పై బోల్టు విప్పండి, ఆ తర్వాతే ఆయిలు వదిలే కింది బోల్టు. పైది తుప్పు పట్టి రాకపోతే, కిందిది విప్పేశాక బండి అక్కడే ఇరుక్కుపోతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉండటం మామూలే. గోటికి గుచ్చుకునే ముక్కలుంటే మాత్రం గేరు పళ్లు విరుగుతున్నాయి.

ఏస్ డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి, హెడ్ దించాల్సిందే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే అసలు మార్చలేదనే లెక్క. బెల్టు, టెన్షనర్ రెండూ కలిపి కొత్తవి వేయించండి. ఈ మొత్తం పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద నష్టం తప్పించేది ఇంకోటి లేదు.

6. డీజిల్, గాలి

డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేయండి. ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి ఉంటాయి. డ్రెయిన్ బోల్టు విప్పి గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే నీళ్లు అడుగుకు చేరి కనపడతాయి. ఫిల్టర్ మార్చాక పాత మోడల్ బండి స్టార్ట్ కాకపోతే గాబరా పడి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ దింపేయకండి. పైపులో గాలి ఉంది, అంతే. చేతి పంపు కొడుతూ గాలి బోల్టు కొంచెం వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చాక బిగించండి. కామన్ రైల్ బండిలో (కొత్త మోడళ్లలో ఉండే, చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి) ఇంజిన్ దగ్గరి హై ప్రెజర్ పైపులు మాత్రం మీరు విప్పొద్దు. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగబడుతుంది.

7. కింది భాగం, టైర్లు

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే, పక్కవాళ్లను బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఇప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్ వదులు, పోకపోతే కింగ్ పిన్ను, దాని బుష్షులు అరిగాయి. గ్రీజు కూడా చక్రం గాల్లో ఉండగానే కొట్టండి. బరువు దిగి ఉన్నప్పుడు ఒకవైపు బిగుసుకుని అక్కడికి గ్రీజు పోదు. పాత నల్లటి గ్రీజు బయటికి తోసుకొచ్చి, వెనకే కొత్తది కనపడేదాకా కొట్టాలి. నిపుల్ మూసుకుపోయి ఉంటే కొత్తది వేయండి, చవకే. కమాన్ పట్టీలు ఒక్కొక్కటీ తుడిచి పగుళ్లు చూడండి, యూ బోల్టులు బిగించండి.

టైరు పక్కన చివర ఉండే నాలుగంకెలు అది తయారైన తేదీ. 3221 అని ఉంటే 2021లో 32వ వారం. గాడి బాగానే ఉన్నా పక్క గోడల్లో సన్నటి పగుళ్లున్న టైరు లోడుతో ఎండలో పేలుతుంది. కారు టైర్లు చవకని వేసి ఉంటే తీసేయండి, లోడుకు తగిన ప్లై రేటింగ్ టైర్లే వేయాలి.

8. కరెంటు

చిన్న మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. రాత్రంతా నిలబడ్డ బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే డైనమో గానీ బెల్టు గానీ చూపించండి. ఇంజిన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పడితే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మినుకుమంటాయి, జనం అనవసరంగా బ్యాటరీ మారుస్తారు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు. పాత ఓనరు వేసిన అదనపు హారన్లు, రంగు లైట్ల వైర్లు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే ఆ వైర్లన్నీ పీకేయండి. ఏస్‌లు తగలబడేది ఇలాంటి చోటే.

9. బండి షెడ్డులో ఉండగానే కాగితాలు

పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయా, పాత ఓనరుకు ఫైనాన్స్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) వచ్చాయా చూసుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి, ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజులే గడువు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ 8 ఏళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, దాటితే ఏటా. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. డ్రైవర్‌కు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ ఉంటే 7,500 కిలోలలోపు గూడ్స్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. పెండింగ్ చలాన్లు అమ్మినవాళ్లతోనే కట్టించండి.

10. లోడు, మెల్లమెల్లగా

మొదట ఖాళీగా ఓ 30 కిలోమీటర్లు తిప్పండి. ఆగగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకకుండా. ఒక్కటి మాత్రం సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగ్ బిగుసుకుంది. వీల్ నట్లు మళ్లీ బిగించండి. కింద కొత్త కారుడు మరకలు చూడండి. తర్వాత సగం లోడుతో ఒక రోజు, అది బాగా సాగితే పూర్తి లోడు.

పూర్తి లోడు అంటే ఎంతో ఆర్‌సీలోనే ఉంది. మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీ హద్దు. 750 కిలోలంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 15, లేదా 20 లీటర్ల వాటర్ క్యాన్లు, ఖాళీ క్యాను బరువు కూడా కలుపుకుంటే, సుమారు 35. పక్క బండివాళ్లు 30 బస్తాలు వేసుకుపోతున్నారని లోడు ఇచ్చే పార్టీ ఒత్తిడి చేస్తారు. రెండో ట్రిప్పు వేస్తామని చెప్పండి. వేసే బస్తాలు కూడా వెనక తలుపు దగ్గర కుప్పగా కాకుండా క్యాబిన్ వైపు నుంచి సర్దితే ముందు చక్రాలకు బరువు ఉండి స్టీరింగ్ తేలిపోదు.

క్యాబిన్‌లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో, ఎంత ఆయిలు, కూలెంట్ పోశారో రాయండి. మొదటి నెల రోజూ పొద్దున్న ఇంజిన్ చల్లగా ఉండగానే సీటు ఎత్తి రెండు లెవెళ్లూ చూడాలి. రోజూ కొంచెం కొంచెం తగ్గుతున్న కూలెంట్ ఆ పుస్తకంలోనే ముందు బయటపడుతుంది, మీటర్ ముల్లు చాలా ఆలస్యంగా చెబుతుంది. సీటు వెనక పెట్టెలో ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లిప్పులు, ఫ్యూజులు, 5 లీటర్ల కూలెంట్, చక్రం కింద పెట్టే చెక్క దిమ్మ, వీల్ నట్లకు తగిన పానా ఉండాలి, స్టెప్నీలో గాలి సరిచూసి ఉంచాలి.